వెబ్‌పేజీలో యాట్రిబ్యూట్లను రెగెక్స్‌తో దిద్దడం: తెలుగు సైట్లు నడిపేవారు తెలుసుకోవలసిన విషయాలు

షోళింగనల్లూరు, కారపాక్కం, సెమ్మంచేరి ప్రాంతాల్లో ఏళ్ల తరబడి స్థిరపడిన తెలుగు కుటుంబాల కోసం మా సంఘం ఒక చిన్న వెబ్‌సైటు నడుపుతోంది. ఉగాది కార్యక్రమాల ప్రకటనలు, పిల్లలకు తెలుగు తరగతుల వేళలు, పెళ్లి సంబంధాల వివరాలు, పెద్దల జ్ఞాపకాలు, కాలం చేసినవారికి నివాళులు, ఇవీ అందులో ఉండేవి. పేజీలు వేర్వేరు కాలాల్లో వేర్వేరు కుర్రాళ్లు తయారుచేసినవి. వాటిని ఒక పద్ధతిలోకి తెచ్చే పని ఈమధ్య పెట్టుకున్నాం. ఓఎమ్మార్ కంపెనీల్లో ఉద్యోగం చేసే మన పిల్లలు ఇద్దరు ముగ్గురు సెలవురోజుల్లో వచ్చి సాయం చేశారు. వారు వాడిన పనిముట్టు పేరు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, వాడుకలో రెగెక్స్. అది చాలా పని తీర్చింది. ఒకచోట మాత్రం మా పెద్దల భాషనే మార్చి రాసింది. ఆ అనుభవంతో ఈ వ్యాసం రాస్తున్నాం. గుడి కమిటీకో, కులసంఘానికో, పాత విద్యార్థుల సంఘానికో తెలుగు సైటు నడిపేవారు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. వారికి పనికొస్తుందని మా ఆశ.

కోడ్ నమూనాలను ఇక్కడ తెలుగు లిపిలోనే చూపుతున్నాం. కంప్యూటర్‌లో రాసేటప్పుడు ఆ పేర్లను ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోవాలి. గుర్తులు మాత్రం ఇవే.

యాట్రిబ్యూట్ అంటే ఏమిటి

హెచ్‌టీఎంఎల్ పేజీలో పేరాకు ఒక ట్యాగు, బొమ్మకు ఒక ట్యాగు, లింకుకు ఒక ట్యాగు ఉంటాయి. ఆ ట్యాగు లోపల పేరు రాసి, సమానం గుర్తు పెట్టి, కొటేషన్ల మధ్య ఇచ్చే వివరమే యాట్రిబ్యూట్. ఉదాహరణకు:

<పి లాంగ్="టీఈ" క్లాస్="జ్ఞాపకం">

ఇక్కడ పి అంటే పేరా. లాంగ్, క్లాస్ అనేవి రెండు యాట్రిబ్యూట్లు. మొదటిది ఈ పేరా తెలుగులో ఉందని చెబుతుంది. రెండోది ఇది జ్ఞాపకాల వరుసలోది అని చెబుతుంది.

ఆఫీసు గుమాస్తాగా పనిచేసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఫైలులోని కాగితాలు వేరు, ఫైలు అట్ట మీద రాసే విషయం, నంబరు, సెక్షను పేరు వేరు. బయటివారికి అట్ట మీది రాతతో పని లేదు. కానీ ఆ ఫైలు ఏ బీరువాలోకి వెళ్లాలో, ఎవరి బల్ల మీదికి రావాలో ఆ రాతే నిర్ణయిస్తుంది. అట్ట మీద తప్పు రాస్తే లోపలి కాగితం ఎంత సరిగా ఉన్నా అది దొరకదు.

భాష చెప్పే యాట్రిబ్యూట్ మనకెందుకు ముఖ్యం

యాట్రిబ్యూట్లు చాలా ఉన్నాయి. బొమ్మ చూడలేనివారికి దాని వివరం చెప్పే ఆల్ట్, లింకు చిరునామా చెప్పే హెచ్‌రెఫ్, బొమ్మ వెడల్పు, ఎత్తు, ఇలా. మనలాంటి సైట్లలో ఎక్కువగా తప్పుపోయేది భాష చెప్పే లాంగ్. రెడీమేడ్ డిజైన్లు చాలావరకు ఇంగ్లీషు అని రాసి వస్తాయి. పైన తెలుగు నింపేస్తాం, లోపలి చీటీ ఇంగ్లీషు అనే మిగిలిపోతుంది.

దీనివల్ల కళ్లున్నవారికి పెద్ద తేడా తెలియదు. చూపు తగ్గినవారికి తెలుస్తుంది. పేజీని చదివి వినిపించే స్క్రీన్‌రీడర్ ఈ చీటీ చూసి గొంతు ఎంచుకుంటుంది. 2006లో ఆస్ట్రేలియాలో మొదలై ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్‌రీడర్‌లో భాషను బట్టి గొంతు మార్చే సదుపాయం ఉంది. దానితో వచ్చే ఈస్పీక్ గొంతుల్లో తెలుగు కూడా ఉంది. పేజీ ఇంగ్లీషు అని చీటీ ఉంటే ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాలను వదిలేయవచ్చు, లేదా ఒక్కొక్క అక్షరం పేరును విడివిడిగా పలకవచ్చు. మా సభ్యుల్లో ఒక పెద్దమ్మగారు ఫోనులో తమ్ముడి నివాళి పేజీ పెట్టుకుని విన్నారు. ఆమెకు వినిపించింది తేదీలు, అంకెలు మాత్రమే. పాత పేజీలు దిద్దాలన్న నిర్ణయానికి అదే కారణం.

2008 డిసెంబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 అనే అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పేజీ భాష చెప్పడం అన్నిటికంటే కింది మెట్టు నియమం. అంటే కనీసం చేయవలసినది. పేజీలోని భాగాల భాష చెప్పడం దాని పై మెట్టు. తెలుగుకు గుర్తు టీఈ, తమిళానికి టీఏ, ఇంగ్లీషుకు ఈఎన్.

రెగెక్స్ ఎక్కడి నుంచి వచ్చింది

రెగెక్స్ అంటే మనకు కావలసిన రాత ఎలా ఉంటుందో గుర్తులతో చెప్పే సూత్రం. నక్షత్రం గుర్తు పెడితే ముందున్నది ఎన్నిసార్లైనా రావచ్చు, అసలు రాకపోవచ్చు. చుక్క పెడితే ఏదో ఒక అక్షరం. చదరపు బ్రాకెట్లలో రాస్తే వాటిలో ఏదో ఒకటి. బ్రాకెట్ మొదట టోపీ గుర్తు పెడితే అవి తప్ప వేరేది.

దీని పుట్టుక వెబ్ కంటే ఎంతో పాతది. నాడీకణాల పనితీరును లెక్కల్లో చెప్పే ప్రయత్నంలో అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీని 1951లో ఈ భావన రాశారు. అది 1956లో అచ్చయింది. నక్షత్రం గుర్తును ఇప్పటికీ క్లీని నక్షత్రం అంటారు. కెన్ థాంప్సన్ 1968లో దీన్ని ఫైళ్లలో వెతకడానికి పనికొచ్చేలా చేసే పద్ధతి ప్రచురించారు. యూనిక్స్‌లోని గ్రెప్ అందులోంచి వచ్చింది. 1987లో ల్యారీ వాల్ చేసిన పెర్ల్ భాష దీనికి కొత్త గుర్తులెన్నో చేర్చింది. ఆ పద్ధతినే 1997లో ఫిలిప్ హేజెల్ పీసీఆర్ఈ అనే లైబ్రరీగా రాశారు. వర్డ్‌ప్రెస్ నడిచే పీహెచ్‌పీ భాషలో రెగెక్స్ పని చేసేది ఈ పీసీఆర్ఈ. ప్రెగ్ రిప్లేస్ అనే ఫంక్షను పేరులో మొదటి మాటకు మూలం పెర్లే.

సర్వర్ వైపే ఎందుకు దిద్దాలి

పేజీని దిద్దడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి, పేజీ చదివేవారి ఫోనుకు చేరాక జావాస్క్రిప్ట్‌తో. రెండు, సర్వర్ నుంచి బయలుదేరకముందే. మొదటి పద్ధతిలో స్క్రిప్ట్ నడవకపోతే దిద్దుబాటు జరగదు. పాత ఫోన్లలో, నెట్ సరిగా లేనప్పుడు ఇది మామూలే. సర్వర్‌లో దిద్దితే అందరికీ ఒకే సరైన పేజీ వెళుతుంది.

సర్వర్ వైపు మళ్లీ రెండు పద్ధతులు. డేటాబేస్‌లో ఉన్న అసలు రాతనే మార్చి దాచేయడం ఒకటి. అసలు రాతను ముట్టకుండా, పేజీ పంపే ప్రతిసారీ దిద్ది పంపడం రెండోది. రెండోదానిలో తప్పు జరిగితే ఆ కోడ్ తీసేస్తే చాలు, పాత పేజీ అలాగే ఉంటుంది. మొదటిదానిలో తప్పు జరిగితే అసలే పోతుంది. రిజిస్టరులో పాత ఎంట్రీ మీద వైటనర్ పూయడానికీ, పక్కన ఎర్రసిరాతో దిద్ది సంతకం పెట్టడానికీ ఉన్న తేడా ఇది. వీలైనంతవరకు రెండోదే ఎంచుకోవాలి.

ఒక చిన్న నమూనా, అందులోని గొయ్యి

పేరాల మీద ఇంగ్లీషు అని ఉన్న చీటీలన్నీ తెలుగు అని మార్చాలనుకుందాం. తెలియనివారు మొదట రాసే సూత్రం ఇలా ఉంటుంది:

లాంగ్=".*"

లాంగ్, సమానం, కొటేషన్, మధ్యలో ఏదైనా, మళ్లీ కొటేషన్. చూడటానికి సరిగానే ఉంది. దీన్ని ఈ ట్యాగు మీద నడిపి చూడండి:

<పి లాంగ్="ఈఎన్" క్లాస్="జ్ఞాపకం">

చుక్క, నక్షత్రం కలిస్తే ఆశ ఎక్కువ. ఆ వరుసలో ఆఖరి కొటేషన్ ఎక్కడుందో అక్కడిదాకా పట్టుకుంటుంది. అంటే ఈఎన్ దగ్గర ఆగదు, జ్ఞాపకం అనే మాట కూడా మింగేస్తుంది. దాని స్థానంలో లాంగ్="టీఈ" అని పెడితే క్లాస్ మాయమవుతుంది. ఆ పేజీ జ్ఞాపకాల వరుసలోంచి జారిపోతుంది. సరైన సూత్రం:

లాంగ్="[^"]*"

కొటేషన్ కానిది ఏదైనా, కొటేషన్ వచ్చేదాకా. ఇది మొదటి యాట్రిబ్యూట్ దగ్గరే ఆగుతుంది.

ఇది కూడా పూర్తిగా సరి కాదు. లింకుల మీద హెచ్‌రెఫ్‌లాంగ్ అని ఇంకో యాట్రిబ్యూట్ ఉంటుంది. లింకు అవతల ఉన్న పేజీ ఏ భాషలో ఉందో అది చెబుతుంది. ఆ మాట చివర కూడా లాంగ్ ఉంది. మన సూత్రం దాన్ని కూడా పట్టుకుని మార్చేస్తుంది. డేటా-లాంగ్ అనేదానికీ ఇదే గతి. కాబట్టి లాంగ్‌కు ముందు ఖాళీ ఉండాలని సూత్రంలో చెప్పాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

మేము చూసినవాటినీ, మన పిల్లలు ముందే హెచ్చరించినవాటినీ కలిపి ఇక్కడ ఇస్తున్నాం.

1. కొటేషన్ల తేడా. హెచ్‌టీఎంఎల్‌లో జంట కొటేషన్ పెట్టవచ్చు, ఒంటి కొటేషన్ పెట్టవచ్చు, కొన్నిచోట్ల అసలు పెట్టకపోవచ్చు. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీలు ఉండవచ్చు. పేరు పెద్ద అక్షరాల్లో ఉండవచ్చు. ట్యాగు రెండు మూడు వరుసల్లోకి విరగవచ్చు. బ్రౌజర్ వీటన్నిటినీ ఒకటిగానే చూస్తుంది. మన సూత్రం చూడదు.

2. విలువ లోపల కోణం గుర్తు. ట్యాగు ముగిసేది > గుర్తుతో కాబట్టి, ఆ గుర్తు వచ్చేదాకా అని సూత్రం రాస్తారు. కానీ ఆల్ట్="చెన్నై > తిరుపతి యాత్ర" అని రాసిన బొమ్మ ఉంటే సూత్రం చెన్నై దగ్గరే ట్యాగు అయిపోయిందనుకుంటుంది. ఇలా రాయడం హెచ్‌టీఎంఎల్‌లో తప్పు కాదు.

3. ఒకే యాట్రిబ్యూట్ రెండుసార్లు. లాంగ్ ఉందో లేదో చూడకుండా చివర కొత్తది చేరిస్తే ట్యాగులో రెండు లాంగ్‌లు అవుతాయి. బ్రౌజర్ మొదటిదే తీసుకుంటుంది, రెండోదాన్ని పక్కన పెడుతుంది. మనం చేర్చాం, పని మాత్రం జరగదు.

4. కామెంట్లు, స్క్రిప్టులు. పేజీలో కనపడని కామెంట్లలోనూ, జావాస్క్రిప్ట్ లోపలా ట్యాగుల్లా ఉండే రాత ఉంటుంది. సూత్రానికి ఆ తేడా తెలియదు.

5. డాలరు గుర్తు. ఇది అమెరికాలో పిల్లలున్న ఇళ్లవారికి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రెగ్ రిప్లేస్‌లో కొత్తగా పెట్టే రాతలో డాలరు గుర్తు పక్కన అంకె ఉంటే అది సూత్రంలోని ఫలానా భాగం అని అర్థం. బొమ్మ వివరంలో "$100 విరాళం" అని పెట్టబోతే $10 అనే భాగం కోసం వెతికి, అది లేకపోవడంతో ఖాళీ పెట్టి, మిగిలిన సున్నా వదులుతుంది. పేజీలో "0 విరాళం" అని వస్తుంది. ఇచ్చిన మహానుభావుడు చూస్తే ఏమనుకుంటాడు? కొత్త రాత మనిషి టైపు చేసినదైతే ప్రెగ్ రిప్లేస్ కాల్‌బ్యాక్ అనే ఫంక్షను వాడాలి. ఆ రాతలో కొటేషన్లుంటే వాటిని ముందే మార్చుకోవాలి.

6. భద్రత. బయటివారు రాసిన అభిప్రాయాలను పేజీలో పెట్టేటప్పుడు హానికరమైన యాట్రిబ్యూట్లను రెగెక్స్‌తో తీసేస్తే చాలనుకోవడం ప్రమాదం. బొమ్మ మీద ఆన్‌ఎర్రర్ అనే యాట్రిబ్యూట్‌తో కోడ్ నడిపించవచ్చు. దాన్ని దాచి రాయడానికి లెక్కలేనన్ని దారులున్నాయి. ఈ పనికి హెచ్‌టీఎంఎల్ ప్యూరిఫయర్ వంటి లైబ్రరీలున్నాయి. వర్డ్‌ప్రెస్‌లో కేసెస్ అనే ఫంక్షనులున్నాయి. అవే వాడాలి.

7. నల్ ప్రమాదం. ఇది అన్నిటికంటే పెద్దది. ప్రెగ్ రిప్లేస్ ఏదైనా కారణంతో విఫలమైతే పాత రాతను తిరిగి ఇవ్వదు, నల్ అంటే ఏమీ లేదు అని ఇస్తుంది. సూత్రం మరీ చిక్కుగా ఉండి పేజీ పెద్దదైతే ఇలా జరుగుతుంది. పీహెచ్‌పీలో వెనక్కి వెళ్లి వెతకడానికి మామూలుగా 10 లక్షల పరిమితి ఉంది. యూనికోడ్ గుర్తు పెట్టి నడిపినప్పుడు పేజీలో ఒక్క అక్షరం పాడై ఉన్నా ఇలాగే జరుగుతుంది. ఫలితాన్ని చూడకుండా డేటాబేస్‌లో దాచేస్తే ఆ పేజీ ఖాళీ. మాకు రెండు పేజీలు ఇలా ఖాళీ అయ్యాయి. ముందురోజు తీసిన కాపీ ఉండబట్టి బతికిపోయాం.

తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కులు

పైన చెప్పినవి అన్ని భాషలవారికీ ఉన్నవే. కింద చెప్పేవి మనకు ప్రత్యేకం.

"తెలుగు" అనే మాటను మనం మూడు అక్షరాలుగా చదువుతాం. యూనికోడ్‌లో అవి ఆరు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. సర్వర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, మొత్తం 18 బైట్లు. షోళింగనల్లూరు అని రాస్తే మనకు ఆరు అక్షరాలు, యూనికోడ్‌లో 13, బైట్లలో 39.

పీహెచ్‌పీలో యూ అనే గుర్తు పెట్టకుండా సూత్రం రాస్తే చుక్క అంటే ఒక బైటు. ఆల్ట్ వివరంలో మొదటి 50 మాత్రమే ఉంచమని చెబితే ఒక అక్షరాన్ని మధ్యలో నరుకుతుంది. చివర ప్రశ్నార్థకం ఉన్న నల్లడబ్బా కనిపిస్తుంది. యూ గుర్తు పెడితే డబ్బా రాదు కానీ అక్షరానికీ గుణింతానికీ మధ్య తెగవచ్చు. "తె" అన్నది "త" అయిపోతుంది. గుణింతంతో సహా అక్షరాన్ని ఒకటిగా పట్టుకోవడానికి బ్యాక్‌స్లాష్ పెట్టి పెద్ద ఎక్స్ రాయాలి.

పదంలోని అక్షరం అని చెప్పే గుర్తు, అంటే బ్యాక్‌స్లాష్ పెట్టి చిన్న డబ్ల్యూ, తెలుగుకు సరిపోదు. పైథాన్‌లో దానితో "తెలుగు" అనే మాట వెతికితే త, ల, గ అని మూడు ముక్కలు ఇస్తుంది. గుణింతాలను అది అక్షరాలుగా లెక్కపెట్టదు. దాని బదులు పీసీఆర్ఈలో తెలుగు లిపి అని పేరు పెట్టి అడగవచ్చు. లేదా యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు అని చెప్పవచ్చు. అప్పుడు కూడా ఒక మెలిక ఉంది. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో పొల్లు తర్వాత కనపడని ఒక గుర్తు టైపు చేస్తాం. అది తెలుగు వరుసలో లేదు. దాన్ని సూత్రంలో విడిగా చేర్చకపోతే మాట అక్కడ విరుగుతుంది.

లిపి వేరు, భాష వేరు: మా పొరపాటు

ఇప్పుడు మొదట చెప్పిన విషయానికి వద్దాం. మా సైటులో తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ ఉన్నాయి. చీటీలు దిద్దే పనిలో మన కుర్రాడు ఒక తెలివైన పద్ధతి చెప్పాడు. పేరాలో తెలుగు అక్షరాలుంటే టీఈ, తమిళ అక్షరాలుంటే టీఏ, రెండూ లేకపోతే ఈఎన్. రెగెక్స్‌కు ఇది చాలా సులువు. మేము కూడా సరే అన్నాం. ఒక సాయంత్రం కూర్చుని నడిపితే సైటు మొత్తం అయిపోయింది. సైటులో భాషలవారీ జాబితా ఈ చీటీల మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆ జాబితా కూడా కొత్తగా తయారైంది.

వారం తిరక్కుండా ఒక సభ్యురాలు ఫోన్ చేశారు. "మా అమ్మమ్మ ఉత్తరాలు తమిళం కింద పెట్టారేమండీ? ఆవిడ రాసింది తెలుగే కదా" అన్నారు.

తీసి చూశాం. ఆవిడ చెప్పింది నిజమే. ఆ ఉత్తరాలు తెలుగులోనే ఉన్నాయి, కానీ తమిళ లిపిలో రాసినవి. ఇది మన పాఠకులకు వివరించనక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 42 లక్షలు. అందులో తెలుగు లిపి చదవడం, రాయడం రానివారు మన ఇళ్లలోనే ఎందరో. బడిలో చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడింది తెలుగు. ఉత్తరం రాయాలంటే వచ్చిన లిపిలోనే రాశారు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక బడిలో తమిళం అందరికీ తప్పనిసరి అయింది కాబట్టి రేపటి పిల్లలు కూడా వాట్సాప్‌లో ఇలాగే రాస్తారు, లేదా ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. అంత మాత్రాన అది తెలుగు కాకుండా పోదు.

సూత్రంలో తప్పు లేదు. తమిళ అక్షరాలున్నాయా అని అడిగాం, ఉన్నాయని సరిగానే చెప్పింది. అడిగిన ప్రశ్నే తప్పు. లిపిని చూసి భాష తేల్చమన్నాం. జనాభా లెక్కలకు వచ్చినవారు ఇంటి గోడ మీది తమిళ బోర్డు చూసి మాతృభాష తమిళం అని రాసుకుపోతే మనం ఊరుకుంటామా? మేము చేసింది అదే.

దీనికి సరైన చీటీ ఉంది. భాష గుర్తు తర్వాత అడ్డగీత పెట్టి లిపి గుర్తు చేర్చవచ్చు. తమిళ లిపిలోని తెలుగుకు టీఈ-టీఏఎంఎల్. ఇంగ్లీషు అక్షరాల్లోని తెలుగుకు టీఈ-ఎల్ఏటీఎన్. మామూలు తెలుగు లిపికి ఒట్టి టీఈ చాలు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. తెలుగు గొంతుకు తమిళ అక్షరాలు చదవడం రాకపోవచ్చు. అందుకని ఆ ఉత్తరాలకు నిజమైన చీటీ పెట్టి, కింద అదే ఉత్తరాన్ని తెలుగు లిపిలో టైపు చేసి టీఈ అని పెట్టాలని కమిటీలో నిర్ణయించాం. చూసేవారికి అమ్మమ్మగారి లిపి కనిపిస్తుంది, వినేవారికి ఆవిడ మాట వినిపిస్తుంది.

ఆ పేజీలు ఏవో తేల్చడానికి మళ్లీ రెగెక్స్‌నే వాడాం, ఈసారి దిద్దడానికి కాకుండా వెతకడానికి. తమిళ అక్షరాలున్న పేరాలన్నీ వరుసగా తీసి జాబితా ఇచ్చింది. ఏది తమిళమో ఏది తెలుగో పెద్దవాళ్లు నలుగురు కూర్చుని చదివి గుర్తు పెట్టారు.

రెగెక్స్ బదులు పార్సర్

ఇంతకీ రెగెక్స్‌తో యాట్రిబ్యూట్లు దిద్దవచ్చా, దిద్దకూడదా? ఒక ట్యాగులోకి ఇంకో ట్యాగు, దానిలోకి ఇంకొకటి ఇలా ఎంత లోతుకైనా వెళ్లే నిర్మాణాన్ని క్లీని చెప్పిన అసలు రెగెక్స్ పట్టుకోలేదని భాషాశాస్త్ర గణితం చెబుతుంది. యాట్రిబ్యూట్ ఒక్క ట్యాగు లోపలి విషయం కాబట్టి కొంత వీలుంది. మనమే ఒకే పద్ధతిలో తయారుచేసిన పేజీలైతే, జంట కొటేషన్లు తప్ప వేరేవి లేవని తెలిస్తే, రెగెక్స్ చాలు. పలువురు చేతులు పడిన పేజీలైతే పార్సర్ వాడాలి. బ్రౌజర్ చదివినట్టే పేజీని చదివి, ట్యాగులనూ యాట్రిబ్యూట్లనూ విడదీసి చేతికిచ్చేది పార్సర్.

వర్డ్‌ప్రెస్ చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. 2015 డిసెంబరులో వచ్చిన 4.4లో బొమ్మలకు తెర సైజును బట్టి సరిపోయే సోర్స్‌సెట్ అనే యాట్రిబ్యూట్ చేర్చారు. 2020 ఆగస్టులో వచ్చిన 5.5లో బొమ్మలను అవసరమైనప్పుడే తెచ్చే లోడింగ్ అనే యాట్రిబ్యూట్ చేర్చారు. రెండూ సర్వర్‌లో, రెగెక్స్‌తోనే. ఆ తర్వాత 2023 మార్చిలో వచ్చిన 6.2లో ఈ పనికోసమే ట్యాగ్ ప్రాసెసర్ అనే పనిముట్టు ఇచ్చారు. అది పేజీలో ఒక్కొక్క ట్యాగు దగ్గరికీ వెళుతుంది. మనం చెప్పిన యాట్రిబ్యూట్ మాత్రమే మారుస్తుంది. మిగతా రాతను ముట్టదు. వర్డ్‌ప్రెస్ సైటు ఉన్నవారికి మా సలహా ఇదే.

వర్డ్‌ప్రెస్ లేని పీహెచ్‌పీ సైట్లలో డామ్ డాక్యుమెంట్ అనే పాత పార్సర్ ఉంది. తెలుగువారు దానితో ఒక జాగ్రత్త తీసుకోవాలి. పేజీ ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో ముందుగా చెప్పకపోతే అది మన అక్షరాలను పాశ్చాత్య భాషల బైట్లుగా చదివి, అర్థంకాని గుర్తులుగా మార్చేస్తుంది. అడగకుండానే పేజీ చుట్టూ బాడీ ట్యాగులు కూడా చేరుస్తుంది. 2024 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.4లో ఇప్పటి హెచ్‌టీఎంఎల్ నియమాల ప్రకారం చదివే కొత్త పార్సర్ చేర్చారు. పైథాన్‌లో బ్యూటిఫుల్ సూప్, జావాలో జేసూప్ ఇదే పని చేస్తాయి.

పని చేసే క్రమం

పద్దుల పుస్తకం రాసినవారికి ఈ క్రమం కొత్త కాదు.

1. ముందు డేటాబేస్ మొత్తం కాపీ తీయాలి. ఆ కాపీ తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి.

2. దిద్దే ముందు లెక్కపెట్టాలి. లాంగ్ ఎన్నిచోట్ల ఉంది, అందులో ఈఎన్ ఎన్ని, టీఏ ఎన్ని, ఇది ఓపెనింగ్ బ్యాలెన్స్.

3. దిద్దుబాటు ముందు కాపీ మీద నడపాలి, అసలు మీద కాదు.

4. ఎన్నిచోట్ల మార్చిందో ప్రెగ్ రిప్లేస్ లెక్క చెప్పగలదు. ఆ లెక్కా, ముందు వేసుకున్న లెక్కా సరిపోవాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆగి, ఎక్కడో వెతకాలి. తక్కువ వస్తే ఏదో దొరకలేదు. ఎక్కువ వస్తే ముట్టకూడనిది ముట్టింది.

5. ఫలితం నల్ అయిందా అని ప్రతిసారీ చూడాలి. నల్ అయితే పాత రాతనే ఉంచాలి.

6. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తేడా చూపే డిఫ్ పనిముట్టుతో చూడాలి. అనుకున్న యాట్రిబ్యూట్ తప్ప ఇంకేదీ మారకూడదు.

7. ఆఖరున కొన్ని పేజీలు మనిషి చదవాలి, కొన్ని స్క్రీన్‌రీడర్‌తో వినాలి. వినేవారు రోజూ దాన్ని వాడేవారైతే ఇంకా మంచిది.

కంప్యూటర్ పని తెలియని పెద్దవారు కూడా ఇందులో సాయం చేయవచ్చు. మా దగ్గర ఏడో పనిలో ఎక్కువ తప్పులు పట్టింది వారే. ఇంట్లో తాతగారు, నాయనమ్మగారు తమిళ లిపిలో రాసిన తెలుగు ఉత్తరాలు, పాటల నోటు పుస్తకాలు, వంట లెక్కలు ఉంటే సంఘం ఆఫీసుకు తెచ్చి చూపండి. స్కాన్ చేసి అసలు కాగితాలు తిరిగి ఇస్తాం. మీ ఇంటి పెద్దల పేజీ మా సైటులో ఇప్పటికే ఉంటే, దాన్ని ఒకసారి తెరిచి భాష సరిగా ఉందో లేదో చెప్పండి.

ఫోన్ చేసిన ఆ సభ్యురాలి అమ్మమ్మగారి ఉత్తరాలు ఇప్పుడు తెలుగు జాబితాలో ఉన్నాయి. తమ్ముడి నివాళి వినలేకపోయిన పెద్దమ్మగారు దాన్ని మొదటినుంచి చివరిదాకా విన్నారు. రెండుచోట్ల పేర్లు తప్పుగా టైపు చేశారని చెప్పారు. అవి కూడా దిద్దాం.